“రేపట్నించి రావొద్దు”

పనిలోంచి తీసెయ్యడానికి మన మీద వాడే మాటలు రెండే రెండు. రేపట్నించి రావొద్దు. కాయితం ఉండదు, కారణం ఉండదు. మేస్త్రీ నోటితో చెబుతాడు, లేదంటే సూపర్‌వైజరు ఫోన్లో చెబుతాడు. ఈ మధ్యయితే అదీ లేదు. వాట్సాప్‌లో కొత్త లిస్టు పెడతారు, అందులో మన పేరుండదు. పదేళ్ళు మున్సిపాలిటీ కాలవలు తీసిన మనిషి, పదిహేనేళ్ళు ఆసుపత్రి బాత్రూములు కడిగిన అక్క, ఆ రెండు మాటలూ విని చీపురు అక్కడే గోడకానించి ఇంటికొచ్చేస్తారు. ఎందుకొచ్చేశావమ్మా అంటే, “మనది కాంట్రాక్టు గదా, మనకేం హక్కుంటది” అంటారు.

ఈ సంపాదకీయం ఆ చివరి మాట గురించే. తీసేసినవాడు అన్న మాటకంటే, మన నోట్లోంచి వచ్చే ఆ మాటే మనకెక్కువ నష్టం చేస్తోందని మేం అనుకుంటున్నాం.

మన పెద్దవాళ్ళు ఉగాది నుంచి ఉగాదికి జీతం కుదిరేవాళ్ళు. దొర గడపలో నిలబడి ఒప్పుకునేదే ఒప్పందం. గింజలు ఇన్ని, చెప్పుల జత ఒకటి, గొంగడి ఒకటి. అప్పు తీరేదాకా మానెయ్యడానికి లేదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి, అప్పు కింద మనిషిని కట్టేసుకోవడం నేరమంది. ఆనాడు మానుకునే హక్కు లేక ఏడ్చాం. ఈనాడు ఉండే హక్కు లేక ఏడుస్తున్నాం. పాలేరుకి కనీసం ఏడాది గ్యారంటీ ఉండేది. ఇప్పుడు 89 రోజులకో బ్రేకు ఇచ్చి, మళ్ళీ కొత్తగా చేరినట్టు రాసుకుంటున్నారు. నోటి ఒప్పందం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఒప్పందమంటే ఇద్దరు సమానులు కూచుని రాసుకునేదని లా పుస్తకాల్లో ఉంటుంది. ఆకలితో ఉన్నవాడు, అన్నం గిన్నె పట్టుకున్నవాడు కూచుని రాసుకునే ఒప్పందం ఎట్లా ఉంటుందో అంబేద్కర్ 1947లోనే, ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో అడిగారు. పని లేనివాడికి ఒక ఉద్యోగం చూపించి, గంటల లెక్క అడగొద్దు, సంఘంలో చేరొద్దు అంటే వాడేమంటాడు? ఒప్పుకుంటాడు. హక్కులొదులుకుని బువ్వ తీసుకుంటాడు. అందుకే యజమానికీ పనివాడికీ నడుమ చట్టం నిలబడాలని ఆయన వాదన. చట్టం నడుమ నిలబడకపోతే మిగిలేది యజమాని స్వేచ్ఛ ఒక్కటే.

ఆ చట్టం ఇప్పుడెట్లా ఉందో చూద్దాం. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. పాత చట్టాలు 29 వాటిలో కలిసిపోయాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం, రెండూ పోయాయి. వాటి స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ ఒకటి, పనిచోట భద్రత గురించి మరొకటి, వేతనాలకు ఒకటి, సామాజిక భద్రతకు ఒకటి వచ్చాయి. పేర్లు మారాయి గానీ, పనిలోంచి తీసే విషయంలో పాత ఎముకలు చాలావరకు అట్లాగే ఉన్నాయి. కొన్ని విరిచారు. ఏవి ఉన్నాయో, ఏవి విరిగాయో రెండూ మనకు తెలియాలి.

మంచిది ముందు చెబుతాం. కొత్త కోడ్ ప్రకారం పనిలో పెట్టుకునే ప్రతి మనిషికీ యజమాని నియామక పత్రం ఇవ్వాలి. ఇదివరకు పని కాయితం అడిగితే “నీకు కాయితమా” అని నవ్వేవాళ్ళు. ఇప్పుడది చట్టం రాసిన బాధ్యత. పాతవాళ్ళకూ ఇవ్వాలి. మన పేటల్లో ఎంతమంది చేతికి ఆ కాయితం వచ్చిందో ప్రతి సంఘం లెక్క తియ్యాలి. చేతికొచ్చిన చోట కూడా సంతకం పెట్టేముందు ఎవరితోనైనా చదివించుకోండి. మూడు సంగతులు చూడాలి. పని ఇచ్చినవాడు ఎవరని రాశారు, ఎప్పట్నించి చేరినట్టు రాశారు, ఎప్పటిదాకా అని ఏదైనా తేదీ పెట్టారా. పన్నెండేళ్ళుగా చేస్తున్న మనిషికి నిన్న చేరినట్టు కాయితమిస్తే, ఆ కాయితంతో పన్నెండేళ్ళ సర్వీసు ఒక్క సంతకంతో తుడిచిపెట్టుకుపోతుంది. అట్లాంటిచోట సంతకం పెట్టక తప్పకపోతే, పక్కనే “ఫలానా సంవత్సరం నుంచి పనిచేస్తున్నాను” అని రాసి పెట్టండి. తెల్లకాయితం మీద మాత్రం ప్రాణం పోయినా పెట్టొద్దు. అదే తర్వాత “నా సొంత పనుల వల్ల నాకై నేను మానుకుంటున్నాను” అనే ఉత్తరం అవుతుంది. రాజీనామా చేసినవాణ్ణి తీసేశారని ఏ కోర్టులోనూ నిరూపించడం తేలిక కాదు.

పని పోగొట్టడానికి యజమానికి మూడు దారులున్నాయి. తప్పు చేశావని తియ్యడం ఒకటి. పని తగ్గింది, మనుషులెక్కువయ్యారని తియ్యడం ఒకటి. గడువైపోయిందని తియ్యడం ఒకటి.

తప్పు చేశావంటే, ఏం తప్పో రాసి ఇవ్వాలి. దానికి జవాబు చెప్పుకునే సందు ఇవ్వాలి. విచారణ పెట్టాలి. విచారణ నడిచినన్నాళ్ళు సస్పెండు చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం మన వల్ల కాకపోతే ఆ తర్వాత ముప్పాతిక జీతం జీవన భత్యంగా ఇవ్వాలి. ఈ స్టాండింగ్ ఆర్డర్ల నియమాలు కొత్త కోడ్‌లో 300 మందికి పైగా ఉన్న సంస్థలకే అన్నారు. అది విరిచిన ఎముకల్లో ఒకటి. ఐతే చిన్న సంస్థలో మాత్రం ఇష్టమొచ్చినట్టు తియ్యొచ్చని దానర్థం కాదు. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా పొట్ట కొట్టకూడదనేది సహజ న్యాయం. 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది అదే. ఎనిమిది రోజులకు మించి పనికి రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలో రాసుకుంది. ఆ కార్మికుడు, నేను రాకపోవడం కాదు, గేటు దగ్గరే ఆపేశారన్నాడు. కోర్టు ఏమంది? బతుకుతెరువు బతికే హక్కులో భాగం, విచారణ లేకుండా దాన్ని తియ్యడానికి లేదంది. మళ్ళీ పనిలో పెట్టుకోమని, సగం వెనకటి జీతం ఇమ్మని చెప్పింది.

మన దగ్గర ఈ “రాలేదు” అనే ఎత్తు బాగా నడుస్తుంది. సోమవారం గేటు దగ్గర ఆపుతారు. మంగళవారం నుంచి మస్టర్లో ఆబ్సెంట్ వేస్తారు. పది రోజులయ్యాక పనొదిలి పారిపోయినట్టు రాస్తారు. 2019లో దీన్నే ఒక ప్రభుత్వం రాష్ట్రమంతటా ఒకేసారి చేసి చూపించింది. అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మె మొదలుపెడితే, గడువులోగా రాని దాదాపు 48 వేలమంది “సెల్ఫ్ డిస్మిస్” అయినట్టేనని ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. తీసెయ్యడం యజమాని చేసే పనని ఇన్నాళ్ళూ అనుకున్నాం. కార్మికుడు తనని తానే తీసేసుకుంటాడని ఆ రోజు తెలిసింది! నోటీసు లేదు, చార్జిషీటు లేదు. 52 రోజుల తర్వాత సమ్మె విరమించారు, ఆఖరికి అందర్నీ పనిలోకి తీసుకున్నారు. అన్ని వేల ఉద్యోగాలు టీవీలో ఒక్క మాటతో పోయాయంటే పోవని తేలింది. నడుమ ప్రాణాలు తీసుకున్నవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

రెండో దారి, మనుషులెక్కువయ్యారనడం. ఇక్కడ పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసి ఉండటం ముఖ్యం. ఏడాది అట్లా చేసిన మనిషిని తియ్యాలంటే కారణం చూపిస్తూ నెల ముందు రాతమూలకంగా నోటీసివ్వాలి, లేదా నెల జీతం చేతిలో పెట్టాలి. చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం లెక్కన పరిహారమివ్వాలి. చివర చేరినవాణ్ణి ముందు తియ్యాలి. మళ్ళీ మనుషుల్ని పెట్టుకునేటప్పుడు తీసేసినవాళ్ళకి ముందు అవకాశమివ్వాలి. ఇదంతా పాత చట్టంలో ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. అదనంగా ఇంకో 15 రోజుల జీతం మన ఖాతాలో పడేలా ఒక నిధి పెట్టామన్నారు, అది ఎంతవరకు చేరుతుందో చూడాలి. 240 రోజుల్లో ఆదివారాలు, జీతమిచ్చే సెలవులు కూడా లెక్కకొస్తాయని 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పనిచేసిన రోజులే లెక్కపెట్టుకుని “నాకు 205 రోజులే వచ్చాయి” అని ఊరుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. వారానికో ఆదివారం కలిపి చూసుకోండి.

ప్రభుత్వ అనుమతి లేకుండా తియ్యకూడదనే గట్టి నియమం ఇదివరకు 100 మంది ఉన్న ఫ్యాక్టరీ నుంచీ ఉండేది. దాన్ని 300కి పెంచారు. మన జిల్లాల్లో పల్లె పిల్లలు పనిచేసే చిన్న మిల్లులు, రొయ్యల షెడ్లు చాలావరకు ఆ గీతకి అవతలే పడిపోతాయి.

మూడో దారే అసలు ముళ్ళదారి. గడువైపోయింది, కాంట్రాక్టు రెన్యూ కాలేదు, కనుక ఇది తొలగింపే కాదంటారు. 1984లో పాత చట్టంలో ఈ సందు పెట్టారు. కొత్త కోడ్ దానికి తలుపులు బిగించి ‘ఫిక్స్‌డ్ టర్మ్’ అని బోర్డు కట్టింది. పర్మనెంటు వాళ్ళతో సమానంగా జీతం, సౌకర్యాలు, ఏడాదికే గ్రాట్యుటీ అని తీపి కూడా రాశారు. గ్రాట్యుటీ మంచిదే, వదులుకోవద్దు. కానీ ఏడాదేడాదికీ ఉద్యోగం మళ్ళీ అడుక్కోవాల్సిన మనిషి, ఆ సమాన జీతం ఏదని నోరు తెరిచి అడగగలడా? అడిగినవాడి గడువే ముందు అయిపోతుంది.

ఐనా ఇక్కడా ఒక పట్టు ఉంది. ఏళ్ళ తరబడి ఉండే పనికి మనిషిని టెంపరరీగానే ఉంచి, పర్మనెంటు హక్కు రాకుండా చెయ్యాలనే ఉద్దేశంతో నడపడం అన్యాయపు కార్మిక విధానమని పాత చట్టమూ చెప్పింది, కొత్త కోడ్ షెడ్యూలూ చెబుతోంది. 89 రోజుల బ్రేకులు దానికి చక్కని సాక్ష్యం. ఆ బ్రేకుల తేదీలు రాసిపెట్టుకోండి.

ఇప్పుడు మన కులం సంగతికొద్దాం. కులం లేకుండా ఈ విషయం అర్థం కాదు.

ప్రభుత్వ ఉద్యోగికి రాజ్యాంగం 311వ అధికరణం కాపలా ఉంది. విచారణ లేకుండా తియ్యడానికి లేదు. అదే ఉద్యోగంలో మనకు రిజర్వేషనూ ఉంది. స్వీపరు, అటెండరు, వాచ్‌మన్ పోస్టుల్లో మన తండ్రులు చేరి, ఆ జీతంతో పిల్లల్ని చదివించిన కాలం ఒకటుంది. 1994లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి, రోజుకూలీ మీద, తాత్కాలికంగా మనుషుల్ని పెట్టుకోవడం నిషేధించింది. 1993 నవంబర్ 25 నాటికి అయిదేళ్ళు నిండినవాళ్ళను క్రమబద్ధం చేస్తామని ఆ ఏప్రిల్‌లో 212 నంబరు జీవో ఇచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది. తర్వాతేమైంది? రోజుకూలీని నేరుగా పెట్టుకోవడం నిషేధం గనక, అదే మనిషిని కాంట్రాక్టరు చేత పెట్టించారు. కాలవ అదే, చీపురదే, కమిషనరు అతడే. నడుమ ఒక రెడ్డిగారో, ఒక చౌదరిగారో, ఈ మధ్య మన పేట నుంచే ఎదిగిన ఒక తమ్ముడో కమిషన్ తిని కూచున్నాడు. రిజర్వేషన్ పోయింది, 311 పోయింది, పని మాత్రం మనకే మిగిలింది. 2020 జులైలో ఆంధ్రలో దళారులు లేకుండా చేస్తామని ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్, ఆప్కాస్ పెట్టారు. జీతం ఖాతాలో పడటం మేలే అయ్యింది. కానీ ఔట్‌సోర్సింగు అన్న మాట పోలేదు. 2023 డిసెంబర్ 26 నుంచి మున్సిపల్ కార్మికులు రోడ్డు మీదికి ఎందుకొచ్చారు మరి?

కొత్త కోడ్‌లో ఒక జాబితా ఉంది. మా మటుకు మాకు, నాలుగు కోడ్‌లలో ముందు చదవాల్సిన పేజీ అదే. సంస్థ ముఖ్యమైన పనిలో కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదని చెప్పి, ఏది ముఖ్యమైన పని కాదో వరసగా రాశారు. ఊడ్చడం, కడగడం, చెత్త ఎత్తడం. కాపలా కాయడం. క్యాంటీను. లోడింగు, అన్‌లోడింగు. తోటపని. గదులు సర్దడం, బట్టలుతకడం. ఒక్కసారి ఈ జాబితా పక్కన మన పేటల ఓటర్ల లిస్టు పెట్టుకుని చదవండి. రెల్లి, మాదిగ, మాల, చాకలి, వడ్డెర, ఎవరి పనులివి? మనువు రాసిన లిస్టుకీ దీనికీ తేడా, ఇందులో కులం పేర్లు రాయకపోవడమే. ఊరు శుభ్రంగా ఉండటం ఎవరికి ముఖ్యం కాదు? కరోనా నాడు పూలదండలేసి కాళ్ళు కడిగినప్పుడు ముఖ్యమైంది, ఉద్యోగం రాసేటప్పుడు ముఖ్యం కాకుండా పోయిందా?

ఐతే ఆ జాబితాకి ఒక తోక ఉంది. అది మనవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆ సంస్థ అదే పని కోసం పెట్టింది కాకపోతేనే ఇవి ముఖ్యం కాని పనులవుతాయి. బ్యాంకులో ఊడ్చడం బ్యాంకు ముఖ్యపని కాదనొచ్చు. మరి మున్సిపాలిటీ? ఊరి చెత్త ఎత్తడం, కాలవలు తియ్యడం మున్సిపాలిటీకి చట్టమే అప్పజెప్పిన విధి. అది చెయ్యని మున్సిపాలిటీ ఇంకెందుకున్నట్టు? మున్సిపాలిటీలో, పంచాయతీలో పారిశుధ్యం ముఖ్యమైన పనే, దానికి కాంట్రాక్టు చెల్లదు అనే వాదన ఇక్కడ గట్టిగా నిలబడుతుంది. సంఘాలూ, మన వకీళ్ళూ ఈ వాదనను ఎత్తుకోవాలి. అధికారులు అంతా అయిపోయిందన్నట్టు మాట్లాడతారు. కాలేదు. కాకపోతే కాంట్రాక్టు కూలీల అధ్యాయం 50 మంది ఉన్నచోటే వర్తిస్తుందన్నారు, పాత చట్టంలో అది 20. రెండొందలమందిని 49 చొప్పున చీల్చి నలుగురైదుగురు కాంట్రాక్టర్లకు పంచితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

కాంట్రాక్టరు మారినప్పుడు పని పోతే ఎవర్నడగాలి? ఎయిర్ ఇండియా కేసులో 1996లో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు రద్దయితే కార్మికులు అసలు యాజమాన్యం మనుషులవుతారంది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో దాన్ని తిరగేసింది. కానీ కాంట్రాక్టు ఉత్త ముసుగే, హాజరు వేసేదీ పని చెప్పేదీ సెలవిచ్చేదీ అసలు యాజమాన్యమే అని నిరూపిస్తే, ఆ కార్మికుడు వాళ్ళ మనిషేనని అదే తీర్పులో ఉంది. కనుక మీకు పని ఎవరు చెబుతున్నారు, సెలవు ఎవరిస్తున్నారు, చీపురు బుట్ట ఎవరు కొంటున్నారు అనేవి ఉత్త కబుర్లు కావు, సాక్ష్యాలు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ సంతకమున్న ఒక్క చీటీ కాంట్రాక్టు ముసుగు లాగేయడానికి పనికొస్తుంది. జీతం కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యాజమాన్యమే ఇవ్వాలనేది పాత చట్టంలోనూ ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. తీసేసిన రెండు పనిదినాల్లో రావాల్సిన జీతమంతా లెక్క కట్టి ఇవ్వాలి.

కోర్టులు మనవైపే ఉన్నాయని మేం చెప్పం. 2006లో ఉమాదేవి కేసులో, దొడ్డిదారిన చేరినవాళ్ళను పర్మనెంటు చెయ్యడం కుదరదని సుప్రీంకోర్టు అంది. దొడ్డిదారి ఎవరు తెరిచారు? మనం తెరిచామా? ఆ తీర్పు పట్టుకుని పద్దెనిమిదేళ్ళు అన్ని ఆఫీసులూ మన మొహాన తలుపేశాయి. 2024 డిసెంబర్‌లో కొంచెం గాలి మారింది. కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ళ తరబడి ఊడ్చిన ఆడవాళ్ళు, వాళ్ళతోపాటు ఇంకొకతను, పర్మనెంటు చెయ్యమని ట్రిబ్యునల్‌కి పోయారు. కేసు కొట్టేశారు. ఆ ఏడే, 2018 అక్టోబర్‌లో, నోటీసు కూడా లేకుండా తీసేశారు. సుప్రీంకోర్టు ఆ తొలగింపు రద్దు చేసి, క్రమబద్ధం చెయ్యమంది. ఉమాదేవి తీర్పును ఇట్లాంటి వాళ్ళ మీద కత్తిలా వాడొద్దంది. 2025 జనవరిలో ఘజియాబాద్ నగర పాలక సంస్థ తోటమాలుల కేసులోనూ, నోటీసు, పరిహారం లేకుండా తియ్యడం చెల్లదంది. మళ్ళీ పనిలో పెట్టుకుని సగం వెనకటి జీతం ఇమ్మంది.

సంతోషమే. కానీ ఆ తోటమాలుల్ని తీసింది 2005లో. తీర్పొచ్చింది 2025లో. ఇరవై ఏళ్ళు! ఆ ఇరవై ఏళ్ళు పిల్లల ఫీజులు ఎవరు కట్టారు? అందుకే కోర్టు ఒక్కదాన్నే నమ్ముకోమని మేం ఎవరికీ చెప్పం. కేసూ ఉండాలి, గేటు దగ్గర పదిమందీ ఉండాలి. 2020లో తెలంగాణలో ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లను, సమ్మె చేశారని, ఏడు వేలమందికి పైగా తీసేశారు. రెండేళ్ళు పోరాడితే 2022లో వెనక్కి తీసుకున్నారు. 2023 డిసెంబర్ 12న సమ్మెకు దిగిన ఆంధ్ర అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళ మీద ఎస్మా పెట్టారు, తీసేస్తామని నోటీసులిచ్చారు. వాళ్ళు నలభై రోజులు కదలలేదు. చర్చలకు పిలవక తప్పలేదు.

చట్టం గీతకి అవతల ఉన్నవాళ్ళను కూడా మరిచిపోకూడదు. పట్టణాల్లో ఇళ్ళల్లో అంట్లు తోమే మన అక్కలకు ఈ పారిశ్రామిక కోడ్ వర్తించదు. ఇంటిపనిని పరిశ్రమ అనే మాటలోంచి తీసేసి రాశారు. ఉంగరం పోయిందని నింద వేసి పంపేస్తే, అది తొలగింపు కిందికి కూడా రాదు. ఇది సరిచెయ్యాలని అడగని మహిళా సంఘాలు మనవి కావు. బట్టల షాపుల్లో, హోటళ్ళలో పనిచేసే కుర్రాళ్ళకు మాత్రం 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాల చట్టం ఉంది, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. ఆరు నెలలు వరసగా చేసినవాణ్ణి సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తియ్యకూడదు. తీసింది కాయితం మీద ఉండాలి.

ఇక పొలం కూలికి నియామక పత్రం ఎవరిస్తారు? ఊళ్ళో గొడవైతే మాలపల్లె మొత్తాన్నీ, మాదిగవాడ మొత్తాన్నీ ఒకేసారి పనిలోంచి తీసేస్తారు. 1991లో చుండూరులో ఊచకోతకు ముందు జరిగింది ఇదే. పనికి పిలవడం మానేశారు. దీనికి లేబర్ ఆఫీసులో జవాబు లేదు గానీ, పోలీసు స్టేషన్లో ఉంది. 2016 జనవరి నుంచి అమల్లోకొచ్చిన సవరణతో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక బహిష్కారం, ఆర్థిక బహిష్కారం నేరాలు. కులం మీద కక్షతో కూలికి పిలవకపోవడం ఆ కిందికొస్తుంది. ఎస్సై రాసుకోనంటే రాసుకోనన్న సంగతి కూడా రాసి ఎస్పీకి పంపండి.

పంచాయతీల్లో ఇంకో సంగతి. సర్పంచ్ మారగానే పాత సఫాయివాళ్ళను మార్చడం ఆచారమైపోయింది. తెలంగాణలో “మల్టీపర్పస్ వర్కర్” అని పేరు పెట్టాక ఊడ్చేదీ అతనే, ట్రాక్టరు తోలేదీ అతనే, మోటరు వేసేదీ అతనే. పేరే అట్లా ఉంటే ఏ పనిలోంచి తీశారని అడుగుతాం! సర్పంచ్ మన కులంవాడైనా సరే, మన పార్టీవాడైనా సరే, నోటీసు లేకుండా తీస్తే అడగాల్సిందే. ఇందులో మొహమాటం పనికిరాదు. “పర్మనెంటు చేయిస్తా, తలా పదివేలు తెండి” అని తిరిగే మన నాయకుల విషయంలోనూ అంతే.

రుజువు సంగతి చెప్పి ముగిస్తాం. 240 రోజులు చేశానని ముందు చెప్పుకోవాల్సింది కార్మికుడేనని 2002లో సుప్రీంకోర్టు అంది. 2005లో ఇంకో కేసులో కొంచెం సులువు చేసింది. కార్మికుడు బోనులో నిలబడి చెప్పి, తన దగ్గరున్నవి చూపించి, మస్టర్లు తెమ్మని అడిగితే, యాజమాన్యం తేకపోతే వాళ్ళ మీదే అనుమానపడొచ్చంది. కనుక మస్టర్లు తెప్పించమని అడగడం మర్చిపోవద్దు. బ్యాంకు పాస్‌బుక్కు, పీఎఫ్ పాస్‌బుక్కు, ఈఎస్ఐ కార్డు, గుర్తింపు కార్డు, యూనిఫాంలో తీసుకున్న ఫొటో, సూపర్‌వైజరు పెట్టిన వాట్సాప్ మెసేజీలు, అన్నీ దాచండి. ఫోను పోతే అవీ పోతాయి, అందుకే సంఘంలో ఒకరి దగ్గర కాపీలు ఉంచండి. చదువుకున్న పిల్లలు ప్రతి పేటలో ఒకరు ఈ పని మీదేసుకోవాలి.

గడువు మరిచిపోవద్దు. పాత చట్టంలో మూడేళ్ళు ఉండేది. కొత్త కోడ్ ప్రకారం రెండేళ్ళు దాటితే లేబర్ అధికారి రాజీ చర్చ కూడా నడపడు. అక్కడ తేలకపోతే అతని రిపోర్టు అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి పోవాలి. యూనియన్ లేకపోయినా ఒక్క మనిషి తన తొలగింపు మీద తానే వివాదం పెట్టుకోవచ్చు. ఒంటరి కార్మికుడు సర్కారు రెఫరెన్సు కోసం కాచుకోకుండా నేరుగా లేబర్ కోర్టుకు పోయే దారి మన ఆంధ్రప్రదేశ్ 1987లోనే తెచ్చింది. దేశానికది 2010లో గానీ రాలేదు. వకీలు ఫీజు లేదని ఆగొద్దు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, కార్మికులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఆదాయం సర్టిఫికెట్ అడిగితే ఎస్సీలకు అక్కర్లేదని చెప్పండి.

తీసేసిన రోజు సాయంత్రమే నలుగురు కూచుని ఉత్తరం రాయండి. ఇట్లా రాస్తే చాలు: “నేను ఫలానా సంవత్సరం నుంచి ఫలానా చోట ఫలానా పని చేస్తున్నాను. ఈ రోజు ఫలానా వారు నన్ను నోటిమాటతో పనికి రావద్దన్నారు. నాకు నోటీసు గానీ కారణం గానీ ఇవ్వలేదు. నేను పని మానలేదు. పనిచెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను. నన్ను పనిలోకి తీసుకోవలసింది.” ఒక కాపీ కాంట్రాక్టరుకి, ఒకటి కమిషనరుకో పంచాయతీ కార్యదర్శికో, ఒకటి లేబర్ ఆఫీసరుకి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, కనుక స్పీడ్ పోస్టులో పంపండి. మర్నాడు పొద్దున యూనిఫాం వేసుకుని మామూలు టైముకే గేటు దగ్గరికి పోండి, ఒంటరిగా కాదు. పోస్టాఫీసు రసీదు సంఘం ఫైల్లో పెట్టండి.